రానివారి పేరు

“రానోళ్ల పేరు రాయి సంపత్ సార్, లొల్లే ఉండదు!” వెనక బెంచీ నుంచి శివ కేకేశాడు. గదంతా నవ్వింది.

అడవి అంచు బడుల ఉపాధ్యాయులు తమకు తాము పెట్టుకున్న వేదిక అది. ఐదు జట్లుగా విడిపోయి ఏడాదంతా కలిసి పనిచేద్దామని ఆ రోజు కొత్తగూడెంలో కూర్చున్నారు. లెక్కలకు, పాటలకు, ఆటలకు, బొమ్మలకు జట్లు ఇట్టే కుదిరాయి. ఒకటో తరగతి పిల్లల కోసం కోయ మాటల పుస్తకం తయారుచేసే ఐదో జట్టు దగ్గరే బండి ఆగింది. గూడేలు తిరగాలి, మాటలు పోగెయ్యాలి, కూర్చుని రాయాలి. నలుగురు సభ్యులు ఎలాగో దొరికారు గాని, నాయకత్వం అనేసరికి అందరికీ ఫోన్లో ఏదో పని గుర్తొచ్చింది.

అలాంటప్పుడు మాస్టర్ల సభల్లో ఒక పాత ఆచారం ఉంది. రాని మనిషి మీద బరువు పెట్టేస్తారు. వద్దనడానికి మనిషి ఎదురుగా ఉండదు కదా! వేదిక బాధ్యతలు కొత్తగా తీసుకున్న సంపత్, పాత జాబితా ముందేసుకుని టిక్కు పడని పేరొకటి చదివాడు.

“భారతమ్మ, ఇప్పలగుంపు ప్రాథమిక పాఠశాల.”

చప్పట్లు మోగాయి. మధులత మాత్రం కొట్టలేదు. ఆ జట్టుకు తనంతట తాను పేరిచ్చింది ఆమె ఒక్కతే. అడవి బడికి వచ్చిన కొత్తలో, ఒకటో తరగతి పిల్ల ఒకతె “ఏరు, ఏరు” అని ఏడ్చింది. ఏటికి పోతానంటోందనుకుని మధులత కసిరి కూర్చోబెట్టింది. కోయలో ఆ మాటకు నీళ్లని అర్థమని తెలిసేనాటికి ఆ పిల్ల బడి మానేసింది. ఇంటికి వెళ్లి బతిమాలినా తలుపు చాటు నుంచి ఇవతలికి రాలేదు. ఆ పుస్తకం రాకపోతే అలాంటి పిల్లలు ఇంకెందరో అన్న దిగులు మధులతను వదల్లేదు.

ఇప్పలగుంపులో ఫోన్ సిగ్నల్ లేదు. అందుకని మాటలు రాయాల్సిన కాగితాలను మధులత ఆ ఊరి దారిన తిరిగే బద్యా ఆటోలో పంపింది. శనివారానికల్లా అదే ఆటోలో తిరుగు కట్ట వచ్చింది.

“ఎవరిచ్చిండ్రు బద్యా?”

“బడికాడ ఇచ్చిండ్రు మేడం.”

విప్పి చూస్తే నూట ఇరవై మాటలు. ప్రతిదానికీ తెలుగు మాట, పక్కన చిన్న బొమ్మ. మిగతా నలుగురూ కలిసి నలభై దాటలేదు. కానీ అక్షరాలన్నీ వంకరటింకర, ఒక్కో కాగితం మీద ఒక్కో చేతిరాత, అక్కడక్కడ పసుపు మరకలు.

“ఈమె రాస్తలేదు, పిల్లలతోని రాయిస్తుంది,” అంది జట్టులోని సుజాత. “మనమేమో ఎండల తిరుగుడు, ఆమె కుర్చీల కూసునుడు. మంచిగుంది నాయకత్వం!”

మూడు సమావేశాలు జరిగాయి. భారతమ్మ ఒక్కదానికీ రాలేదు. కట్టలు మాత్రం శనివారం తప్పలేదు. మూడోసారి సంపత్ గొంతు సవరించుకున్నాడు.

“మనం రాసుకున్న రూలే ఇది. నాయకులు వరసగ మూడుసార్లు రాకపోతే జట్టు రద్దు. లేదంటే, ఇంకొకళ్లకు అప్పజెప్తున్న అని ఆమెనే సంతకం పెట్టాలె. సోమవారం దాకా చూస్త.”

“రద్దంటే, పుస్తకం ఏమైతది సార్?”

“ఏం జేస్తం మేడం? ఒక్క జట్టుకు వదిలేస్తే మిగిలినోళ్లు ఊకుంటరా?”

శనివారం పొద్దున్నే మధులత బద్యా ఆటో ఎక్కింది. దారి పొడుగునా కారాలూ మిరియాలూ నూరుతూనే ఉంది. చేతకాని మనిషైతే సరే అనుకోవచ్చు. అంత చక్కగా పని చేయించగల మనిషికి నెలకొకసారి బస్సెక్కడానికి తీరిక ఉండదా?

ఇప్పలగుంపు బడి ఒకటే గది. పాఠం బయటికే వినిపిస్తోంది. నడివయసు మనిషొకామె కొంగు నడుమున దోపి, సుద్దముక్కతో బోర్డు మీద కుండ బొమ్మ గీస్తోంది. పిల్లలు దాని పేరు కోయలో ఒకసారి, తెలుగులో ఒకసారి అరుస్తున్నారు. కొత్త మనిషిని చూసి ఒక్కరూ బెదరలేదు. మధులతకు ముందు అసూయ కలిగింది. కోపం ఆ తర్వాతే గుర్తొచ్చింది.

“నమస్తే టీచర్ గారూ. నేను మధులతను.”

“అయ్యో, కాయితాలు పంపేది మీరేనా మేడం! రాండ్రి, కూసోండ్రి.” ఆవిడ ఉన్న ఒక్క కుర్చీ ముందుకు జరిపి, తాను నిలబడే ఉంది.

“మీరు ఒక్క మీటింగుకు గూడ రాలేదు.”

“నేనొస్తే వీళ్లనెవరు చూస్తరు మేడం? ఒక్కరోజు బడి మూస్తే సగం మంది మేకలెంట పోతరు. మళ్ల తోలుకచ్చుడు నాతోని కాదు.”

“పిల్లలతోని రాయిస్తున్నరని మావోళ్లు అంటున్నరు.”

“అవ్ మేడం. నాకన్న వాళ్లే మంచిగ రాస్తరు.”

ఇలాంటి మనిషినా ఇన్నాళ్లూ ఆడిపోసుకున్నాం అని మధులత సిగ్గుపడింది. సంచిలోంచి కాగితం, కలం తీసింది.

“ఇగ మీరు రానక్కర్లేదు టీచర్ గారూ. తిరిగేదంత నేను చూసుకుంట. భారతమ్మ అని ఈడొక్క సంతకం పెట్టండి, చాలు.”

“పెట్టకపోతే ఏమైతది?”

“జట్టు రద్దయితది. పుస్తకం రాదు.”

ఆవిడ కలం అందుకుంది. కాగితాన్ని చూసింది, పిల్లలను చూసింది. రాయబోయి ఆగింది. కలాన్ని మెల్లగా మళ్లీ మధులత చేతిలోనే పెట్టింది.

“ఆ టీచర్ బదిలీ అయి రెండేండ్లాయె మేడం, నేను ఈడ వంట జేస్త.”