ఒంటి మురుగు

"రోములో బిడ్డ పుడితే తండ్రి కాళ్ల దగ్గర నేల మీద పడుకోబెడతారు. ఆయన వంగి ఎత్తుకుంటే ఇంటి బిడ్డ. లేకుంటే వీధి పాలు. చేతిలో దుడ్లు లేకున్నా అంతే, శకునం బాగలేకున్నా అంతే," అన్నాడు దేవపాలు రిహార్సల్లో.

దేవపాలు జమ్మలమడుగు మిషన్ బడిలో ఇంగ్లీషు టీచరు. రెండువేల ఏళ్ల కిందటి రోమన్ హాస్యనాటకాలంటే ఆయనకు పిచ్చి. ఆ తరహాలోనే తెలుగులో ఒకటి రాసి, ప్రొద్దుటూరు నాటక సంఘం చేత ఆడించడానికి తయారయ్యాడు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడాది అది. ఊళ్లో అందరికీ పౌరాణికాలు మొహం మొత్తి ఉన్నాయి.

కథ చిన్నదే. ఒక ముసలాయన, ఆయన దగ్గర గడుసు బానిస, బానిసలను సంతలో అమ్మే వ్యాపారి, వాడి చేతికి చిక్కిన అనాథ పిల్ల. చివర్లో పిల్ల పెట్టెలోంచి పసినాటి నగ ఒకటి బయటపడుతుంది. ముసలాయన దాన్ని పట్టి చూసి, పిల్ల తన కూతురేనని గుర్తుపడతాడు. అందరూ పెళ్లి భోజనానికి లేస్తారు. ఆ దేశంలో వేషాలు కట్టేది ఎక్కువగా బానిసలేనట, సరిగ్గా ఆడకపోతే కొరడా దెబ్బలట. ప్రొద్దుటూరు జనం కాస్త నయం, ఈలలతో సరిపెడతారు.

పిల్ల వేషం సంతోషమ్మది. మిషన్ బడిలోనే చిన్న తరగతులకు పాఠాలు చెబుతుంది. మగవాళ్లు మీసాలు తీసి ఆడవేషాలు కట్టే ఊళ్లో ఆడపిల్లను స్టేజీ ఎక్కించడమేమిటని కొందరు గొణిగారు. ముందూ వెనకా ఎవరూ లేని పిల్ల గనక ఆ గొణుగుడు ఎక్కువ దూరం పోలేదు.

"తల్లి అడగదా సార్, బిడ్డ ఏమైందని?" అంది సంతోషమ్మ, ఆ రోము బిడ్డ గురించే.

జవాబు జనార్దనం చెప్పాడు. "తల్లికి ఏం తెలుస్తాది పాపా? పురిటి మంచంలో ఉంటాది. బిడ్డ పోయిందంటే ఏడ్చి ఊరుకుంటాది."

ఆయన అప్పుడే ముసలాయన పాత్రలో దూరిపోయాడని అందరూ నవ్వారు.

జనార్దనం హైస్కూల్లో తెలుగు పండితుడు. తండ్రి వేషాలకు పులివెందుల దాకా ఆయనదే పేరు. పంచాంగం చూడందే గడప దాటడు. రోమన్ వాళ్లు ముసుగులు పెట్టుకుని ఆడేవారని దేవపాలు అట్టముసుగు చేయించి తెస్తే పక్కన పడేశాడు. "నా మొగం కనపడకుంటే జనం యాడ ఏడుస్తారప్పా?" అన్నాడు.

అది గొప్పలు పోవడం కాదు. రిహార్సల్లో నగకు బదులు ఒక రేకు వలయం పెట్టేవారు. దాన్ని పట్టుకుని జనార్దనం, "దేవుళ్లారా, ఇది నా బిడ్డ చేతిదే" అంటుంటే, బానిసల వ్యాపారి వేషం కట్టిన ఇస్మాయిల్ కూడా కళ్లు తుడుచుకునేవాడు. జనార్దనం భార్య జయలక్ష్మి మాత్రం ఆ ఘట్టం మొదలవగానే లేచి వెళ్లిపోయేది. ఆమె ఒక్కగానొక్క కాన్పు పురిట్లోనే పోయిందని అందరికీ తెలుసు.

రిహార్సల్ రోజుల్లో ఉగ్గాణి చేసి తెచ్చేది ఆమే. మంచి మనిషి, మడి మనిషి. సంతోషమ్మకు ఆకులో వేసి దూరంగా నేల మీద పెట్టేది. దాహమంటే పిల్ల దోసిలి పట్టేది, ఆమె పై నుంచి తగలకుండా నీళ్లు పోసేది.

సంతోషమ్మకు ఇవన్నీ అలవాటే. ఆమె మనసంతా పెట్టెలోని నగ మీద ఉంది. నెల కూడా నిండకముందే ఆమెను ఎవరో జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రి వరండాలో వదిలిపోయారు. చుట్టిన గుడ్డలో పసిబిడ్డ చేతికి కడియంలా వేసే వెండి మురుగు ఉందట. ఒక్కటే. చివర్లకు చిలక ముక్కులు, మంచి పనితనం. దాన్ని చూసిన వాళ్లల్లా ప్రొద్దుటూరు కంసాలి పనేనన్నారు. చేసిన చెయ్యి ఆ ఊళ్లోనే ఉందన్నమాట. చేయించిన మనిషి కూడా ఉండవచ్చు.

నాటకంలో జనార్దనం నగను ఎత్తి పట్టుకుని, స్టేజీ ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తూ జనానికి చూపించాలి. ఊరు ఊరంతా చూస్తుంది. ఒక్కరు గుర్తుపట్టినా చాలు. తనకు ఒక ఇల్లు, ఒక ఇంటిపేరు ఉన్నాయో లేవో తేలిపోతుంది. సంతోషమ్మ ఎవరికీ చెప్పలేదు. ఆట రోజున పెట్టెలోంచి రేకు వలయం తీసేసి, తన మురుగు పెట్టింది.

రోమన్ వాళ్లు పండగల్లో పట్టపగలే ఆడేవారని దేవపాలు పట్టుబట్టాడు. రాహుకాలం రాకముందే ముగించాలని జనార్దనం పట్టుబట్టాడు. అట్లా ఆదివారం మధ్యాహ్నం ఎండలో ఆట మొదలైంది. ముందు వరసలో కంసాలులు, బట్టల షాపుల వాళ్లు. ఆఖరున జనార్దనానికి శాలువా కప్పుతారని జయలక్ష్మి కూడా వచ్చి కూర్చుంది.

బానిస తన్నులు తింటుంటే జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. ఇస్మాయిల్ పిల్లను జుట్టు పట్టి ఈడ్చుకొచ్చి, "దీనికి తండ్రి లేడు, సంతకు తోలుతాండా" అంటే ఇంకా నవ్వారు. అప్పుడు పెట్టె తెరుచుకుంది. జనార్దనం మురుగు తీసి ఎండకు పట్టాడు.

జనం మెడలు చాచి చూశారు. సంతోషమ్మ ఆయన వైపు చూడలేదు. ఎవరైనా లేచి నిలబడతారేమోనని ఒక్కొక్క ముఖమే వెతుకుతోంది. కళ్లలో నీళ్లు ఆగడం లేదు. పిల్ల ఎంత బాగా ఏడుస్తోందో అని ఎవరో మెచ్చుకున్నారు.

జనార్దనం చేతిలోని చిలక ముక్కులను వేలితో తడిమాడు. దేవపాలు తెర చాటు నుంచి మాట అందించాడు. జనార్దనం అంతకు ముందెన్నడూ మాట మరిచిపోయిన మనిషి కాదు. దేవపాలు రెండోసారి అందించాడు.

జనార్దనం ముందు వరసలో ఉన్న జయలక్ష్మి వైపు ఒకసారి చూసి, మురుగును గుప్పిట మూసి రొండిన దోపుకుని, ఇస్మాయిల్‌తో, "ఇది నా బిడ్డది కాదు, పిల్లను తోలుకుపో" అన్నాడు.