యోసేపు తెచ్చిన బాటిల్

“ఏందయ్యా, నీళ్ళు మరగబెట్టి తెచ్చినావా?”

ఇంజనీరు సురేంద్ర బాటిల్‌ను వెలుతురుకు ఎత్తి పట్టుకుని అడిగాడు.

యోసేపు ఊరి నీళ్ళు పరీక్ష చేయించడానికి ఈ మంచినీళ్ళ ఆఫీసుకు బేస్తవారిపేట అవతలి పల్లె నుంచి రెండు బస్సులు మారి వచ్చాడు. బాటిల్‌ను ఇంజనీరు గది బయట బల్ల మీద పెట్టి, అర్జీ జిరాక్సు తీయించుకొచ్చి, వరసలో నిలబడ్డాడు. ఊరి నీళ్ళలో లవణాలు లీటరుకు రెండు వేల మిల్లీగ్రాములు దాటితేనే శుద్ధి ప్లాంటు ఇస్తారట. కిందటేడు పద్దెనిమిది వందలే వచ్చింది. నియమం నియమమే కదా! ఉప్పు రెండు వందలు తక్కువైన పాపానికి పల్లె మొత్తం ఏడాది పాటు ఆ నీళ్ళే తాగింది.

ఈసారి మీటరు మూడు వేల వంద చూపించింది. యోసేపుకు ప్రాణం లేచొచ్చింది. ఇంజనీరుకు మాత్రం నవ్వొచ్చింది. గజదొంగను పట్టుకున్నవాడి నవ్వు.

“మొన్ననే మీ ట్యాంకులో బ్లీచింగ్ కలిపించినా. క్లోరిన్ ఉంటే ఈ మందు చుక్కకు నీళ్ళు పసుపు పచ్చగా మారాల. మారినాయా?”

“లేదు సార్.”

“మరగబెడితే క్లోరిన్ గాల్లోకి పోతాది. ఉప్పు యాడికీ పోదు. ఆవిరయ్యేకొద్దీ మిగిలిన నీళ్ళలోనే చిక్కబడతాది. కెమిస్ట్రీ చదివినోణ్ణి, నాకే టోపీ పెడతావా?”

ఆయన చెప్పినదాంట్లో ఒక్క అక్షరం తప్పు లేదు. అదే వచ్చిన చిక్కు.

“దేవుని తోడు సార్! పొద్దున ట్యాంకు కొళాయి కాడ పట్టినవే.”

“మరి బాటిల్ వెచ్చగా ఎందుకుంది?”

“బస్సులో ఎండకు...”

“ఇంక చాలు.”

ఇంజనీరు ఎర్ర పెన్నుతో రాసి, అందరికీ వినబడేలా చదివాడు. “ఈ నీరు గంటల తరబడి మరిగించినది. మనుషులకే కాదు, గొడ్లకు కూడా పనికిరాదు. రోజూ తాగేవాడి కిడ్నీలకు ఎవరూ పూచీ పడలేరు.” సంతకం చేసి ముద్ర గుద్దాడు. “మీ ఊరికి ఇంక ప్లాంటు లేదు. మోసం చేసినందుకు నీ మీద కేసు పెట్టిస్తా,” అంటూ ఫోను తీశాడు.

ఆ నీళ్ళకు పళ్ళు గారపట్టి నవ్వడానికే సిగ్గుపడే మనవరాలు సుప్రియ గుర్తొచ్చి యోసేపుకు ఏడుపు ఆగలేదు.

అది చూసి, గుమ్మం దగ్గరున్న అటెండరు బయ్యమ్మ లోపలికి వచ్చింది.

“ఆ అన్నను ఏమీ అనొద్దు సారూ, ఆయన జిరాక్సుకు పోయినప్పుడు బల్ల తుడుస్తా బాటిల్ ఒలకబోసింది నేనే, మళ్ళీ నింపింది పొద్దుట్నుంచి తగ్గేకొద్దీ పోస్తా మరగబెడతన్న మీరు తాగే నీళ్ళతోనే.”