చెప్పు అడుగున సన్నరాత

"ఇవి అక్షరాలా, సాలెపురుగు కాళ్లా?" పెళ్లిపత్రిక నమూనాను వెలుగులోకి ఎత్తిపట్టి అడిగాడు స్ట్రాటోస్.

"పెళ్లికూతుళ్లు అందుకే అడుగుతారు. చదవడానికి కాదండీ, చూసి మురిసిపోవడానికి," అంది ఎవాంథియా. "అయ్యో, వేలు తియ్యండి! తడి ఆరలేదు."

అప్పటికే అతని బొటనవేలు నల్లబడింది.

"సబ్బు పెట్టినా పోదు. రెండు రోజులు మోసుకు తిరగాల్సిందే."

"మోస్తాను. బరువేం కాదుగా?" నవ్వాడతను.

తమ్ముడి పెళ్లిపత్రికల కోసం అతను ఆమె అచ్చు కొట్టుకు రావడం ఇది నాలుగోసారి. గీత మరీ సన్నమన్నాడు. తోకలు పొడుగన్నాడు. చివరికి మొదటిదే బాగుందన్నాడు. వచ్చిన ప్రతిసారీ కిటికీ పక్క కుర్చీలోనే కూర్చునేవాడు. వీధికి అవతల, సరిగ్గా ఆ కిటికీకి ఎదురుగా, మిర్తో సెలూన్. కొట్టుకొచ్చినవాడు బేరం తెగకుండా గంటలు గంటలు కూర్చున్నాడంటే వాడి కన్ను ఎదుటి కొట్టు మీద ఉన్నట్టే. ఎవాంథియా వ్యాపారంలో నేర్చుకున్న లెక్క అది.

ఆ సన్నరాత ఆమె సొంత చేతిరాత. దాన్నే ఫాంటుగా చేయించుకుంది. వోలోస్ ఊళ్లో ఏ పెళ్లికైనా పత్రికల మీద, చక్కెర బాదంపప్పు పొట్లాల మీద, సారా సీసాల మీద అదే ఉండాలి. సిరా తక్కువ పడుతుంది, ధర ఎక్కువ పలుకుతుంది. కవర్ల మీద చిరునామాలకు మాత్రం వాడదు. పోస్టుమాన్‌తో తిట్లు తినడం దేనికి? ఊళ్లో పెళ్లిళ్లన్నీ ఆమె రాతలోనే జరిగాయి. ఆమె పేరు మాత్రం నలభై దగ్గరపడుతున్నా ఏ పత్రికకూ ఎక్కలేదు.

పత్రికలు పంచేసిన నెలకు, పెళ్లి ముందురోజు, పెళ్లికూతురు ఫొటీనీ తెల్ల చెప్పుల జత పట్టుకుని కొట్టుకొచ్చింది. వెంట ఎదురు సెలూన్ మిర్తో.

"అక్కా, అడుగున పెళ్లికానివాళ్ల పేర్లు రాసిపెట్టు. పత్రికలో ఉన్న రాతే కావాలి," అంది ఫొటీనీ.

"నా పేరు వేళ్ల కింద రాయక్కా," అంది మిర్తో. "గెంతేటప్పుడు ముందు అరిగేది అక్కడే. ముందెవరిది చెరిగితే తర్వాతి పెళ్లి వాళ్లదే!"

"మరి అక్క పేరు?" అంది ఫొటీనీ.

"ఆ మధ్య వంపులో రాసుకుంటుందిలే."

"అక్కడ నేలే తగలదు కదే!"

"అక్కకేం తొందర? మన పత్రికలు అచ్చేసుకుంటూ హాయిగా ఉంటుంది."

"చోటు నీ ఇష్టం. రాసే చెయ్యి నాది," అని ఎవాంథియా కూడా నవ్వింది.

వాళ్లు వెళ్లాక సన్నపాళీతో పేర్లన్నీ రాసింది. తన పేరు వంపులోనే రాసుకుంది, అన్న మాట తప్పకుండా. మిర్తో పేరు మీద మాత్రం వార్నిష్ రెండు పూతలు వేసింది.

మర్నాడు పెళ్లికూతురింట్లో చెప్పులు తొడిగే వంతు పెళ్లికొడుకు అన్నయ్యది. స్ట్రాటోస్ మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"వదులుగా ఉంది బావగారూ!" అంది ఫొటీనీ.

అందరూ గొల్లున నవ్వారు. అతను ఆచారం ప్రకారం జేబులోంచి నోట్లు తీసి, బొటనవేలు నాలుకకు తడుపుకుని, ఒక్కొక్కటే చెప్పులో కుక్కాడు.

"ఇంకా వదులే!"

"నన్ను ముంచేలా ఉన్నావే," అంటూ చెప్పు తిరగేసి అడుగు చూశాడు. చాలాసేపు తల ఎత్తలేదు. ఎత్తినప్పుడు ముఖం నిండా నవ్వు.

బాదంపప్పు బుట్టతో గుమ్మంలో నిలబడ్డ ఎవాంథియాకు గుండెలో మంట లేచింది. ఎవరి పేరు చూసి నవ్వాడో ఒకరు చెప్పాలా?

సాయంత్రం చేతులు పట్టుకుని ఆడే వరుస నాట్యంలో స్ట్రాటోస్ అందరికంటే ముందు నిలిచాడు. కుడిచేతి గుప్పిట్లో కర్చీఫు. దాని రెండో కొస పట్టుకుని మిర్తో.

"చెయ్యి ఇవ్వొచ్చుగా, గుడ్డపీలిక ఇస్తావేం?" అని మిర్తో కేకేసింది.

ఎవాంథియా ముందున్న సారా గ్లాసు నిండుగానే ఉంది. మూడో పూత కూడా వేయాల్సిందనుకుంది.

ఆటయ్యాక ఫొటీనీ కుర్చీలో కూలబడి చెప్పు విప్పింది. ఆడవాళ్లంతా మూగారు. ముందువైపు పేర్లు సగం సగం అరిగాయి. మిర్తో పేరు మాత్రం నిగనిగలాడుతోంది.

"నాది చెక్కు చెదరలేదేంటి?"

"అక్క పేరేది? వంపులో ఏమీ లేదే!" అంది ఫొటీనీ.

మిర్తో చెప్పు లాక్కుంది. "నేల తగలని చోట పేరెలా పోతుంది? నిలవని సిరాతో రాసుకుంది! నాది మాత్రం రాయిలా అతికించింది. ఇదీ ఈవిడ వ్యాపారం!"

బల్లల దగ్గర గుసగుసలు మొదలయ్యాయి. వచ్చే వేసవికి పత్రికలు అడిగిన ముగ్గురమ్మాయిలూ అక్కడే ఉన్నారు.

"అందరికీ ఒకే సిరాతో రాశాను," అంది ఎవాంథియా. వార్నిష్ సంగతి దాటేసింది. "నా పేరు నేను ముట్టుకోలేదు. ఒట్టు."

"మరి దెయ్యం తుడిచిందా?"

వంపులో మబ్బులా చిన్న మరక ఉంది. దాన్నే తెల్లబోయి చూస్తోంది ఎవాంథియా.

"ఏదీ, ఇటివ్వండి," అంటూ స్ట్రాటోస్ గుంపులోకి వచ్చాడు. గుప్పిట్లోని కర్చీఫు బల్ల మీద పడేసి, మిర్తో చేతిలోని చెప్పు కోసం ఎవాంథియా కళ్ల ముందుకు చెయ్యి చాపాడు.

బొటనవేలు మళ్లీ నల్లగా ఉంది.