ఎండిన ఏటి పక్క ఇల్లు

ఆ రోజు ఆ ఇంట్లో ఉన్నది నలుగురు. ఫిన్లాండ్ నుంచి వచ్చిన హెల్వి. కుర్చీలో కూలబడి దగ్గుతున్న ఆమె భర్త ఓస్మో. ఇళ్ల బ్రోకరు ఫెర్మీన్. తలుపు తీసి ఉందని లోపలికి వచ్చేసిన ఒక ముసలామె.

మూడు వారాల్లో ఈ వెచ్చని తీరం వెంట, దీనితో కలిపి ఏడు ఊళ్లు చూశారు. ఒక ఊళ్లో అన్నీ మెట్లే, ఓస్మో ఎక్కలేడు. ఇంకో ఊళ్లో గోడలకు చెమ్మ. మరో ఊళ్లో ధర తప్ప అన్నీ బాగున్నాయి.

ఇంకొక్క చలికాలం ఫిన్లాండ్‌లో ఉంటే ఓస్మో దక్కడని డాక్టరు తేల్చేశాడు.

ఈ ఇంటికి మెట్లు లేవు. గోడలు పొడిగా ఉన్నాయి. వెనక వెడల్పాటి గులకరాళ్ల దారి. కారు అందులోనే పెట్టారు.

"ఇంత తక్కువకు ఎందుకిస్తున్నారు?" హెల్వి అడిగింది. ఇక్కడికి రావడం కోసమే రెండేళ్లు స్పానిష్ నేర్చుకుంది.

"ఇంటావిడకి తొందర మేడమ్. ఊళ్లో అద్దె గదిలో ఉంటోంది. అద్దె కట్టలేదని వచ్చే నెల ఖాళీ చేయమన్నారు."

"సొంతిల్లు పెట్టుకుని అద్దె గదిలోనా?"

"పెద్దవాళ్ల చాదస్తం. మనకి లాభమేగా!"

ముసలామె గోడ దగ్గరికి నడిచింది. ఓస్మో తలకు జానెడు పైన అరచెయ్యి ఆనించింది.

"ఇక్కడిదాకా వచ్చాయి."

"ఏమిటి?"

"నీళ్లు. మీ కారు పెట్టింది ఏట్లో తల్లీ. అది దారి కాదు."

ఫెర్మీన్ పకపకా నవ్వాడు.

"అమ్మమ్మా! ఆ ఏట్లో ఆదివారం సంత పెడుతున్నారు. నీళ్లు చూసినవాళ్లెవరున్నారు ఇప్పుడు?"

"నేనున్నాను. ఆ రోజు ఇక్కడ చుక్క పడలేదు. వాన కొండల మీద పడింది. మిట్టమధ్యాహ్నం. ఇద్దరు పిల్లలు ఇదిగో, ఈ మూల బల్ల దగ్గర భోంచేస్తున్నారు. చెంచాలు కూడా దొరకలేదు."

ఓస్మో దగ్గు ఆపుకున్నాడు. "హెల్వీ, ఆవిడ చెప్పేది ఏమిటో కాస్త..."

"ఏడు ఊళ్లు తిరిగాం. ఎనిమిదో ఊరు చూడడానికి నీకు ఊపిరుందా?"



"ఎవరీవిడ?" హెల్వి ఫెర్మీన్ వైపు తిరిగింది.

"ఇల్లు అమ్మకానికి పెడితే చాలు, ఇలాంటివాళ్లు దిగిపోతారు మేడమ్. పట్టించుకోకండి."

ముసలామె అతని మొహంలోకి చూసింది.  హెల్వి దగ్గరికి వెళ్లి ఆమె చెయ్యి పట్టుకుంది.

"సంతకం పెట్టకు తల్లీ. పైన, చర్చి వీధిలో చూసుకో. ఇరుకే, కానీ బతుకుతారు."

హెల్వి చెయ్యి విదిలించుకుంది.

"పరాయివాళ్లం వచ్చి ఉంటే మీకు కడుపుమంట. అంతేగా? మేం కొనుక్కుంటే నీకేం పోయింది? నీ ఇల్లా, నీ వాకిలా?"

ముసలామె మళ్లీ గోడ మీద చెయ్యి ఆనించింది. 

"ఈవిడని బయటికి పంపండి. ఈవిడ బట్టల చేపల కంపుకి మా ఆయన దగ్గు ఎక్కువవుతోంది."

హెల్వి కలం తీసింది. బయానా కాగితం మీద గబగబా సంతకం పెట్టేసింది.

"మీరు పంపిన డబ్బు పొద్దున్నే అందింది. ఇక వెనక్కి తగ్గితే బయానా పోయినట్టే. తెలుసుగా మేడమ్?" ఫెర్మీన్ గుర్తు చేశాడు.

"ఎందుకు తగ్గుతాం?"

"అమ్మేవాళ్ల సంతకం నిన్ననే అయింది. కాగితాలన్నీ ఒకసారి చూసుకోండి."

కట్ట ఆమె చేతిలో పెట్టి, అతను ముసలామె భుజం పట్టుకున్నాడు.

"పద అమ్మమ్మా, పద. నీ పని కూడా అయిపోయింది."

ఆమె ఎదురు తిరగలేదు. మూల బల్ల వైపు ఒకసారి చూసి నడిచింది.

హెల్వి కాగితాలు తిప్పుతోంది.

ఫెర్మీన్ ముసలామెను గడప దాటించి తలుపు మూసేసరికి, చివరి కాగితం మీద, ఇల్లు అమ్ముతున్న మనిషి గుర్తింపు కార్డు నకలులోంచి అదే ముఖం హెల్వి వైపు చూస్తోంది.