తొంభై తొమ్మిది సీసాలు

"ఫోన్‌లోకి దింపినప్పుడే ఈ వీడియో గేమ్‌ని సగం చంపారు. ఇప్పుడీ రీమేక్‌తో పూర్తిగా పాతిపెట్టారు!"

ముప్పై నాలుగేళ్ళ సుపుత్రుడు కెమెరా ముందు కూర్చుని నిప్పులు చెరుగుతున్నాడు. వెనక సోఫాలో వాళ్ళమ్మ ఉతికిన బట్టలు మడతపెడుతోంది.

"చిన్నప్పుడు నేనాడిన పాత ఆటలో డ్రాగన్ గుహకి చేరేసరికి వీరుడి సంచిలో గాయాలు మాన్పే మందు సీసాలు తొంభై తొమ్మిది ఉండేవి. దెబ్బ తగిలినప్పుడల్లా ఒకటి తాగడం, మళ్ళీ కొట్టడం. ఇందులో రెండే! పొద్దుట్నుంచి పదకొండుసార్లు చచ్చాను. అభిమానులంటే అంత చులకనా వీళ్ళకి?"

"అవి ఆటవాళ్ళిచ్చినవి కాదురా," అంది అమ్మ, చొక్కా కాలర్ సరిచేస్తూ. "నేను కొన్నవి."

వాడు కెమెరా ఆపాడు. "నువ్వా?"

"ఓడిపోయినప్పుడల్లా అన్నం మానేసేవాడివి. అందుకని నువ్వు బడికెళ్ళగానే నేను ఆ ఆట ముందు కూర్చునేదాన్ని. ఊరి బయట ఆ జిగురు పురుగుల్ని చంపితే నాణేలు పడేవిగా. సాయంత్రం దాకా వాటిని చావబాది, మందుల కొట్లో సీసాలు కొని, నీ సంచిలో పడేసేదాన్ని. తొంభై తొమ్మిది దాటితే కొట్టువాడు ఇచ్చేవాడు కాదు."

"మరి చెప్పలేదేం?"

"గెలిచానని ఇల్లంతా గంతులేశావు. ఎలా చెప్పను?"

ఆ డ్రాగన్‌ని పదేళ్ళప్పుడే ఒంటిచేత్తో చంపానని వాడు డప్పు కొట్టుకోని చోటు లేదు. తీసిన వీడియో చెరిపేశాడు. ఆట ఆడే కంట్రోలర్ తెచ్చి, మడతపెట్టిన బట్టల మీద మెల్లగా పెట్టాడు.

"అమ్మా, రేపు నేను ఆఫీసుకెళ్ళాక నీకేమైనా పనుందా?"