పూతలపట్టు రిపోర్టు

తిరుపతిలో తల్లిపాల ప్రచార సంఘం మూడు నెలలకొకసారి సమావేశమవుతుంది. అధ్యక్షురాలు పంకజాక్షి. ఆమె భర్తకు బట్టల కొట్టు ఉంది, ఆమెకు ఈ సంఘం ఉంది.

ఆ రోజు సభ ఆమె ఇంటి హాల్లోనే. ఊరూరి నుంచీ వచ్చిన నాయకురాళ్లు పట్టుచీరలతో సోఫాల నిండా కూర్చున్నారు.

లోపలి గదిలో పంకజాక్షి కూతురు హేమలత ఇరవై రోజుల బిడ్డతో పడుకుని ఉంది. రొమ్ములో గడ్డ లేచి జ్వరం. పాలు నిలిచిపోయాయి. వారం నుంచి బిడ్డకు డబ్బాపాలే. అవి పడక, విరేచనాలతో బిడ్డ వాడిపోతోంది.

ఆ డబ్బాను పంకజాక్షి బియ్యం డ్రమ్ము వెనక దాచింది. సంగతి బయటపడితే అధ్యక్ష పదవి మర్నాడే చిత్తూరు శకుంతలమ్మ ఎగరేసుకుపోతుంది. మనవరాలి గురించి ఆమెకు బెంగ లేకపోలేదు. పదవి గురించిన బెంగ ఇంకాస్త ఎక్కువ, అంతే.

సభ మొదలయ్యే వేళకు గుమ్మంలో ఒక ఆడమనిషి వచ్చి నిలబడింది. ముప్పై ఏళ్లుంటాయి. వెలిసిన నూలుచీర, నూనె లేని తల. రవిక ముందంతా తడిసి పులిసిన వాసన వేస్తోంది.

"ఎవరు మే నువ్వు?" అంది పంకజాక్షి.

"పూతలపట్టు నుంచి వచ్చినానమ్మా. నా పేరు మునిరత్నమ్మ. భారతమ్మ టీచరుకు కాలు బెణికింది. నన్ను పొమ్మని ఈ చీటీ ఇచ్చినాది."

అక్కడి సంఘం నాయకురాలు భారతమ్మ రాలేనని చెప్పే చీటీలో ఏముంటుందిలే అని పంకజాక్షి దాన్ని విప్పకుండానే మినిట్స్ పుస్తకంలో పెట్టేసింది.

"భారతమ్మకు మనిషే దొరకలేదా" అంది పక్కనున్న వరదమ్మతో, అందరికీ వినపడేలాగే. "ఆడ చెప్పుల దగ్గర కూచో మే."

మునిరత్నమ్మ కూర్చుంది. దగ్గరి సోఫాలో వాళ్లు కొంగులు ముక్కులకు అడ్డం పెట్టుకున్నారు.

రేణిగుంట నుంచి వచ్చిన వరదమ్మ లేచింది. "మేము రెండు ఊరేగింపులు తీసినాం. వ్యాసరచన పోటీ పెట్టి స్టీలు గిన్నెలు పంచినాం."

చప్పట్లు.

చిత్తూరు శకుంతలమ్మ లేచింది. "మేము గోడల మీద నలభై నినాదాలు రాయించినాం. తెలుగులో ఇరవై, అరవంలో ఇరవై."

మళ్లీ చప్పట్లు. ఎంతమంది బిడ్డలు పాలు తాగారని ఎవరూ అడగలేదు. అడిగే అలవాటు ఆ సంఘంలో లేదు.

"పూతలపట్టు" అని పిలిచింది పంకజాక్షి.

మునిరత్నమ్మ కొంగుముడి విప్పి చింతగింజలు, వాటితో పాటు మూడు ఎర్రగింజలు నేలమీద పోసింది.

"నాకు సదువు రాదమ్మా. కాన్పుకొక గింజ. పద్నాలుగు మంది బిడ్డలు. అందరూ రొమ్ముపాలే తాగతా ఉండారు."

"ఆ ఎర్రవేంది?"

"గురిగింజలమ్మా. తల్లి పోయిన బిడ్డలకు. ముగ్గురు."

"అంటే వాళ్లకు డబ్బాపాలు."

"లేదమ్మా. వాళ్లూ రొమ్ముపాలే."

"సచ్చినోళ్లు లేచొచ్చి ఇచ్చినారా?"

హాలంతా నవ్వింది. మునిరత్నమ్మ ఏదో చెప్పబోయింది. అంతలో లోపల బిడ్డ ఏడ్చింది.

మునిరత్నమ్మ చటుక్కున లేచింది. ఆరబోతున్న రవిక మళ్లీ తడిసింది. కొంగు గుండెలకు అదుముకుంది.

"అది ఆకలేడుపమ్మా. బిడ్డను ఒక్కసారి నాకియ్యండి."

తలలన్నీ పంకజాక్షి వైపు తిరిగాయి.

"తల్లిపాలు కడుపునిండా తాగి నిద్రకు ఏడస్తా ఉండాది. నీకెందుకు మే?"

"నిండిన కడుపు అట్ల ఏడవదమ్మా. నేను వచ్చిందే..."

"నోరు మూసుకో. కంపు కొడతా వచ్చి బాలింత గదిలోకి పోతావా? దొంగలెక్క చెప్పింది సాలక ఇదొకటి. పో, బస్సుకు టైమైంది."

మునిరత్నమ్మ గింజలు ఒక్కొక్కటే ఏరుకుంది. గుమ్మం దాటబోతూ లోపలి గది వైపు చూసింది.

'పూతలపట్టు రిపోర్టు నమ్మదగినది కాదు' అని పంకజాక్షి మినిట్స్‌లో రాసింది.

కాసేపటికి పనిమనిషి పోలేరమ్మ వచ్చి చెవిలో చెప్పింది. "ఆయమ్మ వాకిట్లో కొబ్బరిచెట్టు మొదట్లో కూచోని పాలు పిండేసి పోయిందమ్మా. సలుపు తట్టుకోలేక ఏడ్చింది, పాపం."

"పాపమేంది? రెండు బిందెలు నీళ్లు పోసి కడుగు."

ఆ పైన ఆమె అధ్యక్షోపన్యాసం చేసింది. తల్లిపాలు అమృతమని, ఒక్క చుక్క కూడా వృథా కాకూడదని గొంతు వణికించి మరీ చెప్పింది. అన్నిటికంటే ఎక్కువ చప్పట్లు దానికే పడ్డాయి.

సాయంత్రం డాక్టరు ప్రేమానందం వచ్చి బిడ్డ పొట్ట మీది చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదిలాడు. పట్టిన మడత అలాగే నిలిచింది.

"సెలైన్ పెడతాను. కానీ డబ్బాపాలు ఈ బిడ్డకు పడవు. పాలున్న తల్లిని ఎవరినైనా గంటలో పిలిపించండి. మీకు పెద్ద సంఘమే ఉండాది కదా."

పంకజాక్షి మినిట్స్ పుస్తకం వెనక పేజీల్లో సభ్యుల జాబితా తీసింది. అరవై పేర్లు చదివింది. చంటిబిడ్డ తల్లి ఒక్కతె కూడా లేదు.

పేజీల మధ్య నుంచి చీటీ జారి పడింది. ఆమె విప్పింది.

'అమ్మా, పోయిన వారం మీ ఇంటికి వచ్చినప్పుడు బియ్యం డ్రమ్ము వెనక డబ్బా చూశాను. ఎవరికీ చెప్పలేదు. రిపోర్టు వంక మాత్రమే. మీ హేమలత తేరుకునేదాకా మీ ఇంట్లో ఉండి పాలివ్వడానికే మునిరత్నమ్మను పంపుతున్నాను. నెల కిందట సొంత బిడ్డను మట్టిలో పెట్టి వచ్చి, మా ఊళ్లో తల్లి పోయిన ముగ్గురికీ పాలిస్తున్నది ఈమే. ఇప్పుడు ఆ ముగ్గురినీ ఇతర తల్లులకు అప్పగించి మీ మనవరాలి కోసం వస్తోంది.'