పిన్ని గొంతు

"ఒక్కసారి ఆ అలారం మోగిస్తావా అమ్మా?"

ఇంజనీరమ్మ తలెత్తింది. ఎదురుగా సందర్శకుల బ్యాడ్జీలతో ఓ ముసలి జంట. అడిగింది పెద్దాయన. మెడకు శాలువా చుట్టుకున్న పెద్దావిడ నవ్వుతూ నిలబడింది.

"అది ఆటబొమ్మ కాదు బాబాయిగారూ. ఊరికే మోగించకూడదు."

అసలే ఆమెకు ఊపిరి సలపడం లేదు. కణాలను వేగంగా తరిమే యాక్సిలరేటర్ నుంచి వచ్చిన కిరణం తగిలిన లోహపు బిళ్లను ఎర్రగా కాల్చి, అందులో పుట్టిన రేడియోధార్మిక అయాన్లను అవి కాస్తా నశించేలోపే పుంజంగా బయటికి తోసే పరికరం ఆమె బాధ్యత. పాతదానికి ఇవాళ్టితో సెలవు. సాయంత్రానికి కొత్తదాంట్లో పుంజం రావాలి.

"అది కాదమ్మా, మా ఆవిడ..."

పెద్దావిడ ఆయన చొక్కా పట్టి లాగింది. పాత పరికరం ప్యానెల్ మీద అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే ఉంచింది. వెళ్తూ వెళ్తూ ఇంజనీరమ్మ వైపు తిరిగి, ఆ అరచేతినే గాల్లో మెల్లగా కిందికి దించింది.

దీవిస్తోంది కాబోలు అనుకుంది ఇంజనీరమ్మ.

ఎలక్ట్రీషియన్ వచ్చాడు.

"మేడం, కొత్త అలారం ఎక్కించాలంటే పాతది చెరిపెయ్యాలి. పిన్ని గొంతు పోతుంది మరి."

వేడి హద్దు దాటితే ఆ ప్యానెల్లోంచి ఓ ఆడగొంతు పలికేది. "కంగారు పడకు. వేడి ఎక్కువైంది. మెల్లగా తగ్గించు." అది ఎవరిదో ఎవరూ అడగలేదు, అందరూ పిన్ని అనేవారు. పిన్ని పిలిచిందంటే నోట్లో ముద్ద నోట్లో ఉండగానే పరుగు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, పరికరం కాలిపోతోందని బెంబేలెత్తిన రోజు, ఇంజనీరమ్మను ఏడవకుండా ఆపింది ఆ గొంతే.

ఇంజనీరమ్మ పాత ప్యానెల్ వైపు ఒకసారి చూసింది.

"దాచి ఏం చేసుకుంటాంలే. చెరిపెయ్."

కొత్త అలారం కుయ్యిమంది. అనుకున్నట్టే సాయంత్రానికి పుంజం వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు.

డైరెక్టర్ ఫోన్ చేశాడు.

"శభాష్ అమ్మాయ్. అన్నట్టు, పిన్ని వచ్చిందా? పాస్ నేనే ఇప్పించాను."

"ఏ పిన్ని సార్?"

"మన పిన్నే. పాత పరికరం కట్టిందీ, అందులో మాట్లాడిందీ ఆవిడే. తన గొంతు ఒక్కసారి వినాలని ఉందట. వినిపించావా?"

'మెల్లగా తగ్గించు' అన్నట్టు ఇంజనీరమ్మ చెయ్యి దానంతట అదే గాల్లో మెల్లగా కిందికి దిగింది.

"గొంతు ఆపరేషనయ్యాక మాట పడిపోయింది పాపం" అన్నాడు డైరెక్టర్. "ఇంట్లో ఓ క్యాసెట్టైనా లేదట. ఇక ఆవిడకు మిగిలింది ఆ మూడు మాటలే."